నడింట్లో దీపం

ఆ కాంక్రీటు పెచ్చుకు ఒకవైపు సున్నం ఉంది.

నరసరావుపేట పోలీస్ స్టేషన్‌లో బల్ల మీద గోనెపట్టా పరిచి దాన్ని పెట్టారు. రత్నకుమారి రెండు చేతులా ఎత్తి కిటికీ వెలుతురులోకి తిప్పింది. అట్లపెనమంత వెడల్పు, మూడు వేళ్ళ మందం. ఒక అంచున నెత్తురు ఎండి నల్లబడింది. తాపీమేస్త్రి సత్తార్ ఈ పెచ్చుతోనే ఈర్ల పెదకోటయ్య తల పగలగొట్టాడని పోలీసుల మాట.

"చూశారుగదా, ఇక కింద పెట్టండమ్మా," అన్నాడు ఎస్.ఐ. గోపాలకృష్ణయ్య.

ఆయన ఆ పూట యూనిఫాంలో లేడు. పట్టుపంచె కట్టుకుని, కండువా భుజాన వేసుకుని, నుదుట కుంకుమతో ఉన్నాడు. తెల్లవారుజామున కొత్తింట్లో పాలు పొంగించి, భోజనాల వేళకు తిరిగి వెళ్ళొచ్చులెమ్మని సంతకాల కోసం స్టేషన్‌కు వచ్చాడు. ఆ సంతకాల్లో ఒకటి సత్తార్‌ను కోర్టుకు పంపే కాగితం మీది. సాయంత్రం వాణ్ణి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి.

"కోటయ్య పోయిన రోజు నుంచీ సత్తార్‌ని ఇక్కడే ఉంచి, నిన్న పట్టుకున్నట్టు రాశారట?"

"అది మా ఇంటి వ్యవహారం. మీరు గుంటూరులో మొగుళ్ళ వెంట తిరిగి పెళ్ళాలకు కబుర్లు చేరేసే మనిషని విన్నా. ఇది ఖూనీ కేసు. దీని జోలికి రాబాకండి."

డిటెక్టివ్ బోర్డు పెట్టిన నాటి నుంచి రత్నకుమారి అంతకంటే పెద్ద మాటలే విన్నది. పెచ్చును వెనక్కి తిప్పింది. ఆ వైపు సున్నం లేదు. గరుకు కాంక్రీటులో నిలువునా ఒక సన్నటి గాడి, గాడి పొడవునా తుప్పు రంగు. ఇనప ఊచ పడుకున్న చోటు అది. రైటర్ బల్ల మీది పెన్సిలు తీసి ఆ గాడిలో పెట్టింది. అచ్చంగా సరిపోయింది.

"ఇది ఎక్కడిదండీ?"

"కోటయ్య పెరట్లోది. ఇల్లు కట్టగా మిగిలిన రాళ్ళూ పెచ్చులూ ఓ మూల కుప్ప పోసున్నాయి. శవం ఆ కుప్ప పక్కనే దొరికింది. ఆ పొద్దున సత్తారూ కోటయ్యా రోడ్డు మీద కాలర్లు పట్టుకున్నారు. ఇల్లు బీటలిచ్చింది నీ చేతివాటమేనని వాడంటాడు, నాకిచ్చిన సరుకుతో నేను కట్టానని వీడంటాడు. కాలనీ అంతా చూసింది. ఇంకేం కావాలి?"

"చెత్తకుప్పలో పెచ్చులకు సున్నం ఎవరు వేశారు?"

గోపాలకృష్ణయ్య కండువా సర్దుకున్నాడు. "బకెట్టు ఒలికి ఉంటది."

"ఒలికితే చారికలు పడతాయి. ఇది రెండు పూతలు వేసిన సున్నం, కుంచె గీతలు కనపడుతున్నాయి. తెల్లగా మెరవాలని నీలిమందు కూడా కలిపారు. ఇది గచ్చుదీ కాదు, గోడదీ కాదు. ఇది పైకప్పు లోపలి ముఖం, ఎస్.ఐ. గారూ."

"కప్పు పెచ్చు పెరట్లోకి నడిచొచ్చిందా?"

"అదే నేనూ అడుగుతున్నా."

ఆయన పెచ్చును లాక్కుని గోనెపట్టాలో చుట్టాడు. "కోటయ్య బతికుండగా ఇదే గోల. కొనుక్కునేవాళ్ళ కోసం కొత్త చట్టం వచ్చిందంటగదా, ఇల్లు కట్టి అమ్మిన వెంకటాద్రి మీద కేసు పెడతానని నా దగ్గరికొచ్చాడు. వెంకటాద్రి ఎవరు? స్వయానా వాడి పెళ్ళాం తమ్ముడు. నేనే నచ్చజెప్పా. అయ్యా, ఆ చట్టం ఫ్యాను తిరక్కపోతే, కుక్కరు పేలితే. ఇల్లు అంగట్లో వస్తువు కాదు. తాళంచెవి చేతికొచ్చినాక ఇక మంచైనా చెడైనా నీదేనని చెప్పి పంపించా."

గుంటూరులో రత్నకుమారికి తెలిసిన వకీలు కూడా సరిగ్గా ఆ మాటే అన్నాడు. కాకపోతే కాస్త విచారంగా అన్నాడు.

"మీ కొత్తిల్లు కూడా వెంకటాద్రి కట్టిందేగా?"

"ఆ కాలనీలోనే. చివరిల్లు. ఏం?"

"శ్లాబు పోసిన రోజు మీరు దగ్గరున్నారా?"

"ఆరోజు నాకు బందోబస్తు డ్యూటీ. అయినా మనవాడనే నమ్మకం ఉండక్కర్లా?" ఆయన గుమ్మం వైపు చెయ్యి చూపించాడు. "సాయంత్రం దాకా మీకు టైముంది. భోజనానికి కూడా రండి. మేం ఎవర్నీ తినకుండా పంపం."

బయట మెట్ల మీద సత్తార్ భార్య కుల్సుం కూచుని ఉంది. గుంటూరు బస్సెక్కి వచ్చి రత్నకుమారిని పిలిచింది ఆమే. లేచి నిలబడి రత్నకుమారి మొహంలోకి చూసింది.

"సాయంత్రం లోపల తేలాలి, కుల్సుం. నువ్వు ఇక్కణ్ణుంచి కదలకు."

"ఏడకి పోతానమ్మా," అంది కుల్సుం. "మూడు రోజుల నుంచి మా వీధిలో నాతో ఎవురూ మాట్లాట్లా. ఈడే నయం. పోలీసోళ్ళన్నా తిడతన్నారు."

* * *

వెంకటాద్రి కాలనీలో ఇళ్ళన్నీ ఒకే అచ్చున పోసినట్టుంటాయి. ముందు వసారా, తర్వాత నడిల్లు, పక్కన గది, వెనక వంటిల్లు, ఆపైన పెరడు. చివరింట్లో మైకు మోగుతోంది. డాబా మీద షామియానా వేశారు. ఇంటి ముందు రోడ్డు మీద, వేపచెట్టు నీడన, మడతకుర్చీలో వెంకటాద్రి కూచున్నాడు. నలభై ఏళ్ళ మనిషి, తెల్లచొక్కా, భుజాన తువ్వాలు. వచ్చేపోయేవాళ్ళంతా ఆయనకు దణ్ణం పెట్టి లోపలికి వెళుతున్నారు.

రత్నకుమారి అటు వెళ్ళలేదు. కోటయ్య పక్కింటి తలుపు తట్టింది. ఆ ఇల్లు వెంకటలక్ష్మిది. భర్త కిరాణా కొట్టు నడుపుతాడు. భోజనాలకు బయల్దేరుతూ జడలో పూలు పెట్టుకుంటున్న ఆమె మంచినీళ్ళు అడిగితే కాదనలేక నడింట్లోకి పిలిచింది.

రత్నకుమారి నీళ్ళు తాగుతూ గోడ వైపు చూసింది. నడింటికీ పక్కగదికీ మధ్య గోడ మీద లక్ష్మీదేవి బొమ్మ కేలెండరు ఉంది. కింద వెంకటాద్రి కంపెనీ పేరు. పైకప్పుకు ఆనించినంత ఎత్తున తగిలించారు. పైగా పోయినేడాదిది.

"అంత పైన ఉంటే తేదీలు కనిపిస్తాయా అమ్మా?"

వెంకటలక్ష్మి చెయ్యి జడ దగ్గరే ఆగిపోయింది. "బొమ్మ బాగుందని ఉంచాం అక్కయ్యగారూ. తేదీలకు వంటింట్లో వేరేది ఉండాది."

"మేకు మీరే కొట్టారా?"

"లేదు. తాళాలిచ్చేనాడు వెంకటాద్రి గారి మనిషొచ్చి తగిలిచ్చి పోయాడు. అమ్మవారి చూపు ఇంటి మీద ఉండాలన్నాడు. అన్నిళ్ళకీ అంతే."

"తర్వాత తీసి చూశారు కదూ?"

రత్నకుమారి ఎత్తుపీట జరుపుకుని ఎక్కి, కేలెండరు అంచు పట్టుకుని పక్కకు లాగింది. పైకప్పు దగ్గర మొదలైన బీట గోడ వెంట జెర్రిలా దిగి, సరిగ్గా కేలెండరు కింది అంచు దగ్గర ఆగింది. అది ఇంకా కిందికి దిగితే పెద్ద కేలెండరు కావాలి.

"చూశాం," అంది వెంకటలక్ష్మి నేల వైపు చూస్తూ. "చూసి మళ్ళీ తగిలించాం. ఎవురికి చెప్పేది? చెబితే మా ఇంటి వాస్తే బాగలేదంటారు. మా మావగారైతే నేను కాలు పెట్టిన వేళంటారు. మా ఒక్కరిదే ఇట్టయిందనుకున్నాం."

"పక్కవాళ్ళిళ్ళల్లో కేలెండర్లు చూడలేదా?"

"చూశా. వాళ్ళూ నాది చూశారు. ఎవురం ఎవుర్నీ అడగలా."

రత్నకుమారి పీట దిగింది. "కోటయ్యగారు పోయిన రోజు నువ్వు ఇంట్లోనే ఉన్నావు. ఏదైనా చప్పుడు విన్నావా?"

"పోలీసులకు లేదని చెప్పాను."

"పోలీసులు ఇక్కడ లేరు."

వెంకటలక్ష్మి పూలదండను చేతిలోకి తీసుకుని వేళ్ళకు చుట్టుకుంది. "మధ్యాహ్నం మా ఆయనకు అన్నం పెడతన్నా. బియ్యం బస్తా పైనించి వదిలినట్టు దబ్బుమంది. గోడ అదిరింది. నేను చేతిలో గరిట పారేసి నడింట్లోకి పరిగెత్తా. పైకి చూశా. మా కప్పు ఎట్టున్నది అట్టనే ఉంది. హమ్మయ్య, మనది కాదులే అన్నా. మనది కాదులే అని తలుపేసుకున్నానండీ. హైమావతక్కా అని ఒక్క కేక వెయ్యలా."

"తర్వాత?"

"ఎంగిలి కంచాలు కడగకముందే వెంకటాద్రి గారి జీపొచ్చింది."

కోటయ్య భార్య హైమావతి పోలీసులకిచ్చిన వాంగ్మూలం రత్నకుమారి స్టేషన్‌లో చదివింది. భోజనం చేసి నిద్రపోయాననీ, సాయంత్రం ఆరిన బట్టల కోసం పెరట్లోకి వెళితే భర్త పడి ఉన్నాడనీ, అప్పుడు తమ్ముడికి కబురు చేశాననీ అందులో ఉంది. జీపు మధ్యాహ్నమే వచ్చింది. కబురు లేని చావుకు ఆయన ముందే ఎలా వచ్చాడు?

"ఆయన రోడ్డు మీదే కూచున్నాడేం?" అని అడిగింది వాకిట్లోకి వస్తూ.

"మైలంట. బావ పోయాడుగా, శుభం జరిగే ఇంట్లో అడుగు పెట్టనన్నాడు." వెంకటలక్ష్మి ఆగి, ఏదో గుర్తుకొచ్చినట్టు అంది. "మా గృహప్రవేశానికీ రోడ్డు మీదే కూచున్నాడు. అప్పుడు మోకాళ్ళ నొప్పులన్నాడు."

* * *

హైమావతి ఇంటి తలుపు తెరిచే ఉంది. చావింటి పరామర్శకు వచ్చినట్టు చెప్పులు దూరంగా విడిచి, పిలవకుండానే లోపలికి నడిచింది రత్నకుమారి. కేసు కోసం ఆ మర్యాదను వాడుకుంటున్నందుకు గుమ్మం దాటుతుండగానే మనసు చివుక్కుమంది.

నడింట్లో గోడకు జారగిలబడి కూచుని ఉంది హైమావతి. యాభై ఏళ్ళుంటాయి. ఆమెకు ఎదురుగా, గది మధ్యన నేల మీద, మట్టి ప్రమిదలో దీపం వెలుగుతోంది. గాలికి ఆరకుండా చుట్టూ ఇటుకలు పేర్చింది. పక్కన నూనె గిన్నె.

రత్నకుమారి దీపాన్ని చూసింది. తర్వాత దీపానికి నిలువుగా పైకప్పును చూసింది. కప్పంతా నీలివన్నె తెలుపు. దీపం పైన మాత్రం చాపంత మేర వట్టి సున్నం, పాలిపోయిన తెలుపు. దాని అంచులు ఇంకా సరిగా ఆరలేదు. పెదకర్మ కాని ఇంట్లో సున్నం కుంచె ఎవరూ ముట్టుకోరు.

సున్నం ఒక్కటే అయితే ఏదో ఒక సాకు చెప్పొచ్చు. దీపానికి సాకు లేదు.

ఆ ప్రశ్న అడగాలంటే రత్నకుమారికి పరాయివాళ్ళ దేవుడి గూట్లో చెయ్యి పెట్టినంత సిగ్గేసింది. స్టేషన్ మెట్ల మీద కుల్సుం గుర్తుకొచ్చాక అడిగింది.

"అమ్మా, ప్రాణం పోయిన చోట కదా ఈ దీపం పెడతారు?"

హైమావతి తల ఎత్తింది.

"మీ ఆయన పెరట్లో పోయారన్నారు. దీపం నడింట్లో ఉందేం?"

"పెరట్లో గాలికి ఆరిపోద్దని..."

"మరి వసారాలో పెట్టొచ్చుగా. ఆయన్ని పడుకోబెట్టింది అక్కడేనట."

హైమావతి తమ్ముడి కోసం అబద్ధం పోలీసులకు చెప్పింది, ఊరందరికీ చెప్పింది. పోయిన మనిషికి మాత్రం చెప్పలేకపోయింది. రోజూ నూనె పోసే చెయ్యి ఆమె మాట వినలేదు.

గుమ్మం బయట నుంచి పెద్ద గొంతు వినిపించింది. "ఎవరమ్మా నువ్వు? మైలింట్లో కూచుని మా అక్కను ఏం విసిగిస్తన్నావు?"

వెంకటాద్రి రోడ్డు మీద నుంచి లేచి వచ్చాడు. వసారా మెట్టు కింద నిలబడి, నడుమున చేతులు పెట్టుకుని చూస్తున్నాడు. వెంకటలక్ష్మి అతని వెనక తన వాకిట్లో నిలబడిపోయింది.

"నా పేరు రత్నకుమారి. సత్తార్ తరఫున వచ్చాను. లోపలికి రండి, కూచుని మాట్లాడదాం."

"నాకవతల పనుంది. నువ్వే బయటికి రా."

"మీకూ మైలే, మీ అక్కకూ మైలే. ఈ ఇంట్లోకి రావటానికి అడ్డేముంది?"

గోడకు చేర్చి ఉన్న పడక్కుర్చీని ఆమె తీసుకొచ్చింది. దాని గుడ్డ కొత్తగా ఉతికినట్టుంది. అయినా కుట్టు సందుల్లో ఇంకా ముదురు మరక మిగిలి ఉంది. దీపానికి తగలకుండా, కప్పు మీది పచ్చిసున్నం కిందికి వచ్చేట్టు దాన్ని వాల్చి వేసింది.

"ఒక్క నిమిషం ఇందులో కూచోండి. నేను అడిగేది ఒకటే ప్రశ్న. తర్వాత వెళ్ళిపోతాను."

వెంకటాద్రి నవ్వాడు. "కుర్చీలాటలు ఆడే వయసా మనది?"

"రారా," అంది హైమావతి.

ఆమె గొంతు చాలా మెల్లగా ఉంది. వెంకటాద్రి నవ్వు ఆగింది.

"వచ్చి కూచోరా తమ్ముడూ. మీ బావ రోజూ అన్నం తిని అందులోనే కూచునేవాడు. నువ్వూ కూచో."

"నీకు మతి గానీ చెడిందా అక్కా? ఆమె ఎవురో, ఏందో..."

"ఆమె మాట వదిలెయ్యి. నేను పిలుస్తన్నా. నీ అక్కింట్లోకి రా."

అతను మెట్టు ఎక్కలేదు. హైమావతి అతని కాళ్ళ వైపు చూస్తూ కూచుంది. ఆ కాళ్ళు రోడ్డు దుమ్ములోనే ఉన్నాయి. ఎంతసేపు చూసినా అక్కడే ఉన్నాయి.

"ఎన్నిసార్లొచ్చావురా ఈ ఇంటికి," అంది చివరికి. "ఒక్కసారన్నా నడింట్లో కూచుని కాఫీ తాగావా? వాకిట్లోనే గ్లాసు అందుకునేవాడివి. పనుల మీద తిరిగే మనిషి, తొందరనుకున్నా. ఆయన్ని లేపటానికి వచ్చిన రోజు కూడా నెత్తిన తువ్వాలేసుకుని గోడవారనే నడిచావు."

"నోరు ముయ్యక్కా."

"కాళ్ళు నేను పట్టుకున్నా," అంది హైమావతి రత్నకుమారి వైపు తిరిగి. "తలవైపు వాడు పట్టుకున్నాడు. పెరట్లో పడుకోబెట్టాం. మెట్ల మీంచి పడ్డాడని చెబుదామన్నాడు. కప్పు కూలి పోయాడంటే కాలనీ అంతా నా మీద పడద్ది, అమ్మ తలెత్తుకు తిరగలేదు అన్నాడు. సత్తార్ పేరు మేం అనలేదమ్మా. ఎస్.ఐ. గారే అన్నారు. మేం కాదనలేదు, అంతే."

ఆ 'అంతే' తన నోటి నుంచి వచ్చాక ఆమె ఇక తల ఎత్తలేకపోయింది. రత్నకుమారి కూడా ఆమె మొహంలోకి చూడలేక దీపం వైపు చూసింది.

అప్పుడే చివరింటి మైకు గరగరమంది. "మొదటి బంతి. మొదటి బంతికి అందరూ డాబా మీదికి రావలసిందిగా కోరుతున్నాం."

రత్నకుమారి గబుక్కున గుమ్మం వైపు తిరిగింది. ఈ కప్పు కింద ఒక మనిషి ఊరికే కూచుంటేనే పెచ్చు ఊడింది. అక్కడ బంతులు బంతులుగా జనం, వంట గుండిగలు, నీళ్ళ డ్రమ్ములు.

"ఆ ఇంటికీ పెన్సిలంత ఊచలే వేశారా?" అని అడిగింది వెంకటాద్రిని.

అతను జవాబు చెప్పకుండా వెనక్కి తిరిగి నడిచాడు. చివరింటి వైపు కాదు, జీపు ఉన్న వైపు.

రత్నకుమారి చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. చివరింటి మెట్ల దగ్గర గోపాలకృష్ణయ్య అందర్నీ చెయ్యి పట్టి పైకి పంపిస్తున్నాడు. డాబా మీద అప్పటికే విస్తళ్ళు పరిచేశారు.

"వాళ్ళను దించండి. కోటయ్యను చంపింది సత్తార్ కాదు. కప్పు. మీదీ అదే కప్పు."

"ఇదిగో చూడమ్మా, భోజనానికి పిలిచానని నెత్తికెక్కబాక." ఆయన గొంతు తగ్గించాడు గానీ కళ్ళు ఎర్రబడ్డాయి. "ఆడకూతురివని ఊరుకుంటన్నా. శుభమా అని ఇల్లు చేరిన రోజు నా ఇల్లు కూలుద్దంటావా? జక్కయ్యా, ఈమెను అవతలికి తీసుకుపో."

కానిస్టేబుల్ జక్కయ్య ఇబ్బందిగా ముందుకొచ్చాడు. జనం నవ్వుతూ మెట్లు ఎక్కుతూనే ఉన్నారు. అంతలో రోడ్డు మీద నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి.

హైమావతి వస్తోంది.

భర్త పోయి వారం కాని మనిషి, పదోరోజు దాకా గడప దాటకూడని మనిషి, నూనె లేని జుట్టుతో, మాసిన చీరతో, నడిరోడ్డు మీద నడిచి వస్తోంది. ఆమె చేతుల్లో ప్రమిద ఉంది. పెట్టిన చోటు నుంచి కదిలించకూడని దీపాన్ని కొంగు అడ్డం పెట్టి తెస్తోంది. మామిడాకుల తోరణం కట్టిన గుమ్మానికి ఎదురుగా వచ్చి ఆగింది.

"ఏందమ్మా ఇది," అంది ఎస్.ఐ. అత్తగారు గుండె మీద చెయ్యేసుకుని. "పాలు పొంగిన ఇంటికి ఆ దీపం తెస్తావా?"

డాబా పిట్టగోడ మీదుగా తలలు వంగి చూశాయి. ఎవరో విస్తరి ముందు నుంచి లేచారు. ఆ పక్కవాళ్ళూ లేచారు. అపశకునం అని ఎవరో అన్నారు.

"అవును, అపశకునమే," అంది హైమావతి పైకి చూస్తూ. "అట్టా అనుకునైనా దిగండి. మా ఆయన పెరట్లో పోలేదు. నడింట్లో కుర్చీలో కూచుంటే కప్పు పడి పోయాడు. మేమే తీసుకుపోయి పెరట్లో వేశాం. సత్తార్ ఏ పాపం ఎరగడు. దిగండి నాయనా, మెల్లగా దిగండి."

వాళ్ళు దిగారు. కొందరు భయంతో, కొందరు అసహ్యంతో, ఆమె నీడ తగలకుండా మెట్ల పక్కనుంచి ఒరుసుకుంటూ దిగారు. రత్నకుమారికి ఏ కారణమైనా ఒకటే. ఒక్కొక్కరూ రోడ్డు మీదికి వచ్చేదాకా అక్కడే నిలబడింది. దిగిన వాళ్ళలో వెంకటలక్ష్మి భర్త ఉన్నాడు. వెంకటలక్ష్మి వచ్చి హైమావతి పక్కన నిలబడింది.

"మా ఇంట్లోనూ బీట ఉంది," అంది అందరికీ వినపడేట్టు. భర్త గుడ్లురిమినా ఆగలేదు. "కేలెండరు కింద ఉంది. మీ అందరిళ్ళల్లోనూ ఉంది."

ఎవరూ కాదనలేదు. మగవాళ్ళు చెప్పులు వెతుక్కుంటున్నట్టు నేల చూపులు చూశారు.

గోపాలకృష్ణయ్య మొహం జేవురించింది. "నా ఇంట్లో ఏ బీటా లేదు. ఇదిగో, చూపిస్తా," అంటూ నడింట్లోకి విసవిసా వెళ్ళాడు. రత్నకుమారి గుమ్మం దగ్గర నిలబడి చూసింది. తడి ఆరని సున్నం గోడ మీద, పైకప్పుకు ఆనించినంత ఎత్తున, లక్ష్మీదేవి కేలెండరు. ఇది ఈ ఏడాదిది.

ఆయన స్టూలెక్కి దాన్ని మేకు నుంచి ఊడదీశాడు.

గోడ మీద వేలు ఆనించాడు. గోరు లోపలికి దిగింది. పట్టుపంచె మీదికి సున్నం పొడి రాలింది.

"ఏంది అల్లుడూ అక్కడ?" అంది అత్తగారు గుమ్మంలోంచి.

ఆయన చెయ్యి కేలెండరును మళ్ళీ మేకు వైపు ఎత్తింది. ఆలోచించి చేసిన పని కాదు. కాలనీలో ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరి చెయ్యి అలాగే లేచి ఉంటుంది. తాడు మేకుకు తగలబోతుండగా ఆయన వెనక్కి తిరిగాడు. గుమ్మానికి ఎదురుగా రోడ్డు మీద, హైమావతి చేతుల్లో దీపం కనిపించింది. ఎత్తిన చెయ్యి కిందికి దిగింది.

"బీట అత్తయ్యా," అన్నాడు. ఎస్.ఐ. గొంతులా లేదు అది. "అందరూ బయటికి నడవండి. పొయ్యి ఆర్పేయమనండి."

బయటికి వచ్చి మెట్టు మీద నిలబడ్డాడు గానీ ఎవరి మొహమూ చూడలేదు. "జక్కయ్యా, స్టేషన్‌కు పో. సత్తార్‌ను బయట కూచోబెట్టి టీ ఇప్పించు. ఆ కాగితాలు నేనొచ్చి చించేస్తా. వాడి భార్యకు..." మాట వెతుక్కున్నాడు. "వాడి భార్యకు నేనే వచ్చి చెప్తానను."

జక్కయ్య సైకిలెక్కాడు. వేపచెట్టు కింద మడతకుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీ వీపు మీద తువ్వాలు అలాగే వేలాడుతోంది. జీపు ఉండాల్సిన చోట చక్రాల గుర్తులు మాత్రం ఉన్నాయి.

"ఎటు పోయుంటాడు?" అని అడిగాడు గోపాలకృష్ణయ్య. రత్నకుమారిని సూటిగా అడగటం అదే మొదటిసారి.

రత్నకుమారికి తెలియదు. తెలిసిన మనిషి వైపు చూడాలంటే ఆమెకు మనసొప్పలేదు. ఒక్క పూటలో ఒకే మనిషి దగ్గర ఇంకెంత తీసుకోవాలి?

అడగకుండానే హైమావతి చెప్పింది.

"ఈపూరు. అమ్మ దగ్గరికి. చిన్నప్పట్నుంచీ తప్పు చేస్తే ఆడికే పోయి దాక్కుంటాడు."

"అక్కడ ఇల్లు..." అంది రత్నకుమారి.

"వాడు కట్టిందే. పోయినేడాది వేసవిలో శ్లాబు పోశాడు. నేను దగ్గరుండి చూశా. ఊచలు నా బొటనవేలంత ఉన్నాయి." ఆమె దీపానికి కొంగు అడ్డం పెట్టుకుంటూ అంది. "అది చూసే మా ఆయన్ని ఒప్పించా. అమ్మకు అట్టా కట్టినోడు అక్కకూ అట్టాగే కడతాడు, కొనమన్నా."

గాలికి వత్తి వంగి మళ్ళీ నిలబడింది.

"పొండి. ఆ ఇంట్లో అయితే వాడు లోపలే కూచోనుంటాడు."